చూడకుండా పెట్టిన టిక్కు

ఫిబ్రవరి 22

అక్కా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నీకు వినపడేలా అరిస్తే మా వీధంతటికీ వినపడుతుంది. అందుకే ఈ కాగితం.

ఎనిమిది నెలలు పరాయి దేశంలో నీళ్ళ బోర్లు వేసి మా జట్టు జనవరి పదిన తిరిగొచ్చిందని నీకు తెలుసు. వచ్చిన ముప్పై ఎనిమిదో రోజున నా బావమరిది పడకేశాడు. ముందు మామూలు జ్వరమే అనుకున్నాం. మూడో రోజుకి చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం. ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉండాల్సింది ముప్పై వేలకి పడిపోయాయన్నారు. రక్తం చూసి మలేరియా అని తేల్చారు. ఇప్పుడు గండం గడిచింది. నీ మరదలు తమ్ముడి మంచం పక్కనుంచి కదలడం లేదు. ఇంట్లో వంట నాది, కాబట్టి అందరూ సన్నబడ్డారు.

ఇక అసలు సంగతి. అక్కడ ఉన్నన్నాళ్ళూ, తిరిగొచ్చాక మరో నాలుగు వారాలూ, ఆదివారం ఆదివారం మలేరియా రాకుండా ఒక మాత్ర వేసుకోవాలి. జట్టు పెద్దను కాబట్టి మాత్రల పుస్తకం నా దగ్గరే. ప్రతివాడూ నా కళ్ళముందు మింగాలి, నేను పేరుకి ఎదురుగా టిక్కు పెట్టాలి. అదీ రూలు. మావాడికేమో ఖాళీ కడుపున ఆ మాత్ర పడితే వాంతి. "లోపలికి వెళ్ళి ఏదైనా తిని వేసుకుంటాను బావా" అని తన అట్టలోంచి మాత్ర తీసి, అరచేతిలో పట్టుకుని గదికి వెళ్ళేవాడు. నేను టిక్కు పెట్టేసేవాణ్ణి. నలభై ఆదివారాలూ ఇదే వరస.

ఇప్పుడు ఆఫీసు వాళ్ళు కాగితం పంపారు. మాత్రలు వేసుకున్న మనిషికి ఈ జ్వరం ఎలా వచ్చిందో జట్టు పెద్ద రాసివ్వాలట. రూలు తప్పినవాణ్ణి మళ్ళీ పంపరు. జూన్‌లో కొత్త జట్టు బయలుదేరుతుంది. మావాడికి ఆ పని తప్ప వేరే లోకం లేదు.

ముప్పై ఏళ్ళుగా మైక్రోస్కోపులో ఈ పురుగుల్నే చూస్తున్నదానివి. ఒక్క మాట చెప్పు. వేసుకున్నవాడికి వస్తుందా, రాదా?

జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న
నీ తమ్ముడు


ఫిబ్రవరి 27

ఒరేయ్ తమ్ముడూ,

గుమ్మంలో కూర్చోకు, వచ్చేపోయేవాళ్ళకి అడ్డం. పోస్టతను ఎప్పుడొచ్చినా ఇచ్చే పోతాడు.

మీ బావమరిది గండం దాటాడన్న మాట చదివి ఊపిరి పీల్చుకున్నాను. ప్లేట్‌లెట్లు అంతలా పడిపోవడం మలేరియాలో ఉన్నదే. అవి మళ్ళీ లేస్తాయి, మరదల్ని భయపడొద్దను.

నా చెవులు ఇంకాస్త మందగించాయి. కొత్త మిషను పెట్టారు గానీ దాంట్లో ఫ్యాను చప్పుడు తప్ప మనుషుల మాట వినపడదు. ల్యాబులో కొత్తగా ఒక డాక్టరమ్మ చేరింది, నా కూతురి వయసుంటుంది. ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి నా స్లైడు పక్కన పెడుతుంది. మంచి పిల్లే. కానీ నేను చూసి చెప్పిన స్లైడుని కూడా మిషనుకి ఎక్కించి సరిచూస్తానంటుంది. చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదమ్మా అని రాసిచ్చాను.

నీ ప్రశ్నకి జవాబు. రాదు. ఇన్నేళ్ళలో లక్ష స్లైడులు చూసి ఉంటాను. ఆ మాత్రలు వరస తప్పకుండా వేసుకున్న మనిషి రక్తంలో ఈ క్రిమిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. మీ బావమరిది వేసుకుని ఉండడు. వాంతికి భయపడి కిటికీలోంచి పారేసి ఉంటాడు. కుర్రతనం. తిట్టకు, మెల్లగా చెప్పు.

కళ్ళు బాగానే ఉన్న
మీ అక్క


మార్చి 19

అక్కా,

నీ మాట ప్రకారం ఆఫీసుకి రాసిచ్చాను. "అతను మాత్ర మింగడం నేను కళ్ళారా చూడలేదు. వేసుకున్నవాళ్ళకి ఈ జ్వరం రాదని ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ల్యాబు టెక్నీషియను చెప్పారు." ఇంతే రాశాను. జూన్ జట్టులోంచి వాడి పేరు కొట్టేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. నేను నువ్వు చెప్పినట్టే మెల్లగా చెప్పాను. వాడు విన్నాడు. "వేసుకున్నాను బావా" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు బస్టాండు వెనక మోటార్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడట. అంత పనితనం ఉన్న ఫిట్టరు పాత మోటార్లకి గ్రీజు పూస్తున్నాడు.

నీ మరదలు నాతో మాట్లాడి పన్నెండు రోజులు. కంచం పెట్టేటప్పుడు మాత్రం చప్పుడు బాగా చేస్తుంది. ఆ చప్పుడు నీకు కూడా వినపడేది.

నేను చేసింది తప్పంటావా? నిజమే కదా రాశాను.

ఇంట్లో పరాయివాడినైన
నీ తమ్ముడు


ఏప్రిల్ 16

అక్కా,

చేతిరాత వంకరగా ఉందని వెక్కిరించకు. నాలుగు రోజులుగా ఒంట్లో బాగోలేదు. రోజు విడిచి రోజు చలి పట్టుకుంటుంది, మధ్యాహ్నం మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగుతుంది. తర్వాత జ్వరం, తర్వాత చెమట, తర్వాత ఆకలి. మర్నాడు ఏమీ లేనట్టే ఉంటుంది, బజారుకి కూడా వెళ్ళొస్తాను.

నీ మరదలు పన్నెండు రోజుల మౌనాన్ని నెల దాటించి ఇప్పుడు విప్పింది. "రక్తం చూపించుకోండి, మా తమ్ముడికీ ఇలాగే మొదలైంది" అంటుంది. నేను నవ్వాను. నాది మలేరియా ఎలా అవుతుంది? నలభై మాత్రలూ అందరి ఎదుటా మింగినవాణ్ణి. నువ్వే రాశావు కదా, వేసుకున్నవాడికి రాదని. పైగా మేమొచ్చి మూడు నెలలు దాటింది. చన్నీళ్ళ స్నానం పడలేదు, అంతే.

రెండు రోజుల్లో లేచి తిరుగుతాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 20

ఒరేయ్,

ఇది చదివిన వెంటనే చొక్కా వేసుకుని ఆసుపత్రికి నడువు. ఫలానా దేశం నుంచి జనవరిలో వచ్చానని నువ్వే ముందు చెప్పు, వాళ్ళు అడిగేదాకా ఆగకు. నా పాత ఉత్తరం చూపించి వాదించావంటే చెవి మెలేస్తాను.

నీ రక్తంతో ఒక స్లైడు నాకూ పంపించు. మీ బావమరిది పాత స్లైడు అక్కడ దాచి ఉంటారు, అడిగి అదీ పంపించు.

అక్క


ఏప్రిల్ 28

తమ్ముడూ,

నీకు మందు మొదలుపెట్టారని మరదలు రాసిన కార్డు అందింది. బతికించావు. అంతవరకూ నాకు అన్నం సయించలేదు.

రెండు స్లైడులూ వచ్చాయి. నూనె చుక్క వేసి, ఒకదాని తర్వాత ఒకటి, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా చూశాను. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కోడిగుడ్డులా సాగి, ఒక కొసన చిరిగిన గుడ్డ అంచులా ఉంది. లోపల క్రిమి. ఓవలే అనే రకం. మన దగ్గర అరుదు, మీరు వెళ్ళిన వైపు మామూలు. మొదటి స్లైడు తీసి రెండోది పెట్టినా నాకు తేడా తెలియలేదు. మీ ఇద్దరిదీ ఒకటే.

డాక్టరమ్మ రెండిటినీ పెద్ద ల్యాబుకి పంపుదామని చీటీ పెట్టింది. స్లైడు మీద ఎండిన రక్తంలోంచి కూడా జన్యుపరీక్ష చేస్తారట. నేను మూతి ముడిచాను. ఆ పిల్ల నా మూతిని పట్టించుకోకుండా పంపేసింది.

ఒక్కటడుగుతాను, దాచకుండా చెప్పు. నువ్వు ఒక్క ఆదివారమైనా మానేశావా?

అక్క


మే 4

అక్కా,

నీ మీద ఒట్టు, ఒక్కటీ మానలేదు.

నువ్వు ఒకటే అని రాశాక నాకంతా అర్థమైంది. వాడిదే నాకు అంటుకుంది. ఎనిమిది నెలలు పక్కపక్క గదుల్లో ఉన్నాం, ఒకే బిందెలో నీళ్ళు తాగాం. అందుకని ఇంట్లో వాడి కంచం, గ్లాసు విడిగా పెట్టమన్నాను. నీ మరదలు నా ముఖంలోకి చూసి, రెండూ తీసి పక్కన పెట్టింది. మొన్న వాడు నన్ను చూడ్డానికి పళ్ళ సంచితో వచ్చాడు. "అక్కడే ఉండరా, లోపలికి రాకు" అన్నాను. సంచి గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తూ చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. అది చూశాక పళ్ళు నాకు సయించలేదు గానీ, జాగ్రత్త జాగ్రత్తే కదా.

నా జ్వరం తగ్గింది. నా ప్లేట్‌లెట్లు పెద్దగా పడలేదట. ఒంటికి పడతాయో లేదో ఇంకో రక్త పరీక్ష చేసి చూసి, ఇప్పుడు పద్నాలుగు రోజుల మాత్రలిచ్చారు. జ్వరం తగ్గాక మళ్ళీ మాత్రలెందుకో తెలియదు. వాడికీ ఫిబ్రవరిలోనే ఆ పరీక్ష చేసి, మార్చిలో ఇంటికి పంపేటప్పుడు ఇవే ఇచ్చారట. వాడు పొట్లం విప్పనే లేదు. నీ మరదలు అడిగితే, "నేను మింగినా మింగలేదనే అంటారు. ఇంకెందుకు మింగడం?" అన్నాడట. చూశావా ఎంత మొండో!

నీ తమ్ముడు


మే 13

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఒకసారి కాదు, రెండుసార్లు చదువు. దీంతోపాటు ఇంకో కవరు ఉంది, అది మీ బావమరిదికి. దాన్ని నువ్వు విప్పకు.

ముందు కంచం సంగతి. ఈ జ్వరం కంచాల్లోంచి, గ్లాసుల్లోంచి, పక్క గదిలోంచి రాదు. దోమ కుట్టాలి. నేను ఒకటే అన్నది క్రిమి ముఖం గురించి. నువ్వు దాన్ని పట్టుకుని ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టావు. పని పోగొట్టుకున్నవాడికి ఇది గోరుచుట్టు మీద రోకలిపోటు. నీకు పళ్ళు తెచ్చినవాడిరా వాడు!

ఇప్పుడు నా సంగతి. పెద్ద ల్యాబు నుంచి కాగితం వచ్చింది. మీ ఇద్దరిదీ ఒకటి కాదు. ఓవలేలో రెండున్నాయట. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి, మైక్రోస్కోపుకి తేడా దొరకదు. నాకనే కాదు, ఎవరికీ దొరకదు. జన్యువుల్లోకి వెళ్తే మాత్రం వేరు వేరు. ఒకే ఊళ్ళో ఉంటాయి, ఒకే దోమల్లో తిరుగుతాయి, కానీ ఒకదానితో ఒకటి కలవవు. ఒకే ఇంటిపేరు పెట్టుకుని ఒకరి గడప ఒకరు తొక్కని దాయాదుల్లా ఉన్నాయి. మీ బావమరిదికి వచ్చినదాన్ని వాలికెరి అంటారు, నీకు వచ్చినదాన్ని కర్టిసి. నోరు తిరగకపోతే వదిలెయ్. నువ్వు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ప్రయాణం నుంచి తిరిగొచ్చినవాళ్ళని వందలమందిని చూసి లెక్కగట్టారట. వాడికొచ్చిన రకం సుమారు నలభై రోజులకే లేస్తుంది, ప్లేట్‌లెట్లని ఎక్కువగా పడగొడుతుంది. నీకొచ్చింది నిదానస్తురాలు, సుమారు మూడు నెలలు పడుకుని లేస్తుంది. ఇది సగటు మాత్రమే, రోజులు లెక్కపెట్టి ఏదని చెప్పడానికి లేదని డాక్టరమ్మ చీటీ కింద గీత గీసి మరీ రాసింది. మందు మాత్రం రెండిటికీ ఒకటే.

ఎక్కడ పడుకుంటాయంటావా? కాలేయంలో. ఆదివారం మాత్ర రక్తంలోకి వచ్చినవాటిని చంపుతుంది. కాలేయంలో నిద్రపోతున్నవాటి జోలికి వెళ్ళదు. నలభై కాదు, నాలుగు వందలు మింగినా వెళ్ళదు. మీరు మాత్రలు ఆపాక అవి తీరిగ్గా లేచాయి. అంటే వరస తప్పకుండా వేసుకున్నవాడికి కూడా ఇది రావచ్చు. నీకు రాలేదూ? నీకు రాగలిగినప్పుడు వాడికి రావడంలో వింతేముంది?

ఇది పుస్తకంలో ఉన్న విషయమే. డాక్టరమ్మకి మొదటి రోజు నుంచీ తెలుసు. నేను ఆమెని అడగలేదు. లక్ష స్లైడులు చూశానని నీకు గొప్పగా రాశాను. ఆ లక్షలో మాత్రలు వేసుకుని దేశాలు తిరిగొచ్చినవాళ్ళవి ఎన్ని? ఒక్కటీ లేదు. ఇక్కడివాళ్ళు మాత్రలు వేసుకోరు, జ్వరమొస్తేనే వస్తారు. నేను చూడనిదాన్ని లేదని రాసిచ్చాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాణ్ణి చూసి నవ్వేదాన్ని, ఇప్పుడు ఆ కుందేలు నా ఒళ్ళోనే ఉంది. ఒక మనిషి ముఖం కూడా చూడకుండా, వేసుకుని ఉండడు అని ఒక్క వాక్యం రాసి అతని పని పోగొట్టాను. కిటికీలోంచి పారేసి ఉంటాడని హాస్యం కూడా ఆడాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నా తప్పు నేను రాసి, ల్యాబు కాగితం జతచేసి, డాక్టరమ్మ సంతకంతో మీ ఆఫీసుకి పంపాను. నా భాగం అయింది. నీ భాగం ఉంది. నిజమే కదా రాశాను అన్నావు మార్చిలో. చూడలేదన్న మాట నిజమే. కానీ రూలు ప్రకారం చూడాల్సింది నువ్వు. చూడకుండా టిక్కు పెట్టింది నువ్వు. ఆ తప్పు వాడి నెత్తిన రుద్దావు. వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకో.

ఇంకొకటి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పద్నాలుగు రోజుల మాత్రలే నిద్రపోతున్న క్రిముల్ని చంపేవి. నువ్వు ఒక్కటీ మానకు. వాడు పొట్లం విప్పలేదన్నావు. అంటే వాడి కాలేయంలో అవి ఇంకా ఉన్నాయేమో, ఏ నెలలోనైనా లేస్తాయి. మొదటిసారే చిగుళ్ళలోంచి రక్తమొచ్చింది వాడికి. మనమిద్దరం కలిసి వాడికి మాత్రలంటేనే రోత పుట్టించాం. ముందు డాక్టరుకి చూపించి, ఆ మాత్రలు మింగించు. పేరు తిరిగిస్తే గానీ మింగడు. అందుకని ముందు పేరు తిరిగివ్వు.

తల వంచుకుని రాస్తున్న
మీ అక్క


మే 26

అక్కా,

నువ్వు చెప్పినట్టు రెండుసార్లు చదివాను. నీ మరదలు ఒకసారి చదివింది, ఆమెకి చాలింది.

మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. వాడు ఒక పాత మోటారు విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు, నాలుగడుగులు వెనక్కి వేశాడు. "దూరంగా ఉంటాను బావా" అన్నాడు. అక్కా, ఆ నాలుగడుగులు నన్ను కొట్టినట్టయింది. నేనే వెళ్ళి వాడి పక్కన గ్రీజు నేల మీద కూర్చున్నాను. నీ ఉత్తరం మొత్తం పైకి చదివాను, కిటికీ మాటతో సహా, నన్ను తిట్టిన తిట్లతో సహా. షెడ్డు యజమాని రేడియో కట్టేసి మరీ విన్నాడు. చివర్న, "తప్పు నాది రా, నిన్ను నమ్మలేదు" అన్నాను. ఆ మాట పలకడానికి నాకు ఇంత వయసు పట్టింది.

వాడు నువ్వు పంపిన కవరు జేబులో పెట్టుకున్నాడు. పానా కోసం పనిముట్ల పెట్టె తెరిచాడు. నేను వంగి చూశాను. అడుగున, రబ్బరు వాషర్ల కింద, ఖాళీ మాత్రల అట్టలు పరిచి ఉన్నాయి. అట్టకి ఎనిమిది చొప్పున ఐదు. చినిగిన ప్రతి గుంట పక్కనా మేకుతో గీకిన తారీకు. బోరులోకి దించే ప్రతి పైపు మీదా మేకుతో నంబరు గీకడం వాడి అలవాటు, లేకపోతే పైకి తీసేటప్పుడు వరస తప్పుతుందంటాడు. మాత్రలకీ అదే చేశాడు. నలభై ఆదివారాలు, ఒక్కటీ తప్పలేదు.

"ఇవి ఎందుకు చూపించలేదురా?" అన్నాను.

"అడిగితే చూపించేవాణ్ణి బావా. నువ్వు అడగలేదు. ఆఫీసుకి రాశావు."

చాలాసేపు వాడికి పానాలు అందిస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి వెళ్ళి, చూడకుండా టిక్కు పెట్టింది నేనని, అతని తప్పు ఏమీ లేదని రాసి సంతకం పెట్టాను. మేనేజరు నీ కాగితాలు అప్పటికే చదివాడు. వాడి పేరు జాబితాలో మళ్ళీ చేర్చారు. నన్ను ఈసారి జట్టు పెద్దగా పంపరట. పుస్తకం వేరేవాళ్ళకి ఇస్తారు. పోనీలే. పంపితే మామూలు డ్రిల్లరుగా వెళ్తాను.

వాణ్ణి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఫిబ్రవరి పరీక్ష కాగితం చూసి, ఆ మాత్రలు సరిపడతాయని, ఏదైనా తిని వేసుకోమని చెప్పారు. అక్కణ్ణుంచి ఇంటికి తీసుకొచ్చాను. నీ మరదలు అందరికీ వడ్డించింది. వాడికని విడిగా పెట్టించిన కంచం, గ్లాసు తీసి నా ముందు పెట్టింది. "పద్నాలుగు రోజులూ మీరు ఇందులోనే తినండి" అంది. తింటున్నాను.

భోజనమయ్యాక పాత మాత్రల పుస్తకం చివరి పేజీలో పద్నాలుగు గళ్ళు గీసి పక్కన పెట్టుకున్నాను. వాడు పొట్లం విప్పి మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇక్కడే మింగమంటావా బావా?"

"నీ ఇష్టం రా" అన్నాను.

వాడు మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. నేను తల తిప్పలేదు. మొదటి గడిలో టిక్కు పెట్టాను.

నీ తమ్ముడు